మాస్టారూ, ఒక సందేహం: సంతకం పెట్టని 31 మంది

పోయిన సంచికలో విశ్వవిద్యాలయాల స్వేచ్ఛ గురించి ఎవరో అడిగితే, "1950లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఒక ప్రమాణపత్రం మీద సంతకం పెట్టలేదని 31 మంది అధ్యాపకుల్ని ఇంటికి పంపించేసింది" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఆ ముక్కకే ఉత్తరాలు వచ్చిపడ్డాయి. కొందరు వివరాలు అడిగారు, కొందరు కోప్పడ్డారు, ఒకాయనైతే నేను ఏ పార్టీవాడినో చెప్పి తీరాలన్నారు. అందుకని ఈసారి కాలమ్ మొత్తం ఈ ఒక్క విషయానికే. జమిందారీల రద్దు గురించి అడిగినవాళ్లు ఒక్క సంచిక ఓపిక పట్టాలి.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఈమధ్యే టీచింగ్ అసిస్టెంటుగా చేరింది. అక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి ఒకరు దానితోపాటే చేరితే, ఆ పిల్లచేత రాజ్యాంగం మీద ప్రమాణం చేయించి సంతకం తీసుకున్నారట. మా అమ్మాయిని మాత్రం అడగలేదట. వీసా మీద వెళ్లిన పిల్లలంటే నమ్మకం లేకనా? *(గృహిణి, ఏలూరు)*

జవాబు: కంగారు పడకండమ్మా. అది కాలిఫోర్నియా రాష్ట్ర రాజ్యాంగం 20వ అధికరణంలో ఉన్న ప్రమాణం. ప్రభుత్వ కొలువులో చేరే అమెరికా పౌరులు చేయాలి. పరాయి దేశ పౌరులకు మినహాయింపు ఉంది. మీ అమ్మాయి విధేయత మన రాజ్యాంగానికి కదా, అక్కడిదాని మీద ఒట్టు వేయమని ఎవరూ అడగరు.

ఆ స్నేహితురాలు సంతకం పెట్టింది మొదటి పేరా మీద. దేశ రాజ్యాంగాన్నీ రాష్ట్ర రాజ్యాంగాన్నీ కాపాడతానని అందులో ఉంటుంది. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరేవాళ్లు చేసే ప్రమాణం లాంటిదే, పేచీ ఏమీ లేదు. అయితే ఆ రాష్ట్ర రాజ్యాంగం తెరిస్తే దాని కిందే ఇంకో పేరా కనిపిస్తుంది. ప్రభుత్వాన్ని బలప్రయోగంతో కూలదోయాలనే ఏ పార్టీలోనూ సంస్థలోనూ నేను సభ్యుణ్ణి కాను, గడిచిన అయిదేళ్లలో కాలేదు, ఈ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కాబోను అని. రాష్ట్ర సుప్రీంకోర్టు 1967లోనే ఈ పేరా చెల్లదంది. అయినా ఎవరూ తీసేయలేదు, అలాగే అచ్చవుతూ ఉంది. ఆ పేరా ఎలా పుట్టిందన్నదే ఈ వారం కథ.

ప్రశ్న: ఆ 31 మంది సంగతి వివరంగా రాయండి సార్. మా సిలబస్‌లో అమెరికా చరిత్ర ఉంది గానీ ఇది మాత్రం ఎక్కడా లేదు. *(ఎంఏ విద్యార్థి, హనుమకొండ)*

జవాబు: సిలబస్‌లో లేనివే అడగాలి నాయనా, మార్కుల బెంగ ఉండదు.

1949 మార్చి 25న శాంటా బార్బరాలో ఆ విశ్వవిద్యాలయ రీజెంట్లు సమావేశమయ్యారు. రీజెంట్లంటే మన పాలకమండలి సభ్యుల్లాంటివాళ్లే. కాకపోతే వాళ్లలో బ్యాంకర్లూ లాయర్లూ పారిశ్రామికవేత్తలూ ఎక్కువ, అధికారం ఇంకా ఎక్కువ. అధ్యాపకులు ఏటా నియామకపత్రం అందుకునేటప్పుడు, ప్రభుత్వాన్ని కూలదోయాలనే సంస్థల్లో తాము లేమని కూడా ప్రమాణం చేయాలని ఆ రోజు తీర్మానించారు. ప్రతిపాదించింది విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రాబర్ట్ గోర్డన్ స్ప్రౌల్. ఆయనేమీ దుర్మార్గుడు కాడు. రాష్ట్ర శాసనసభలో జాక్ టెన్నీ అనే సెనేటరు ఉండేవాడు. పూర్వాశ్రమంలో పాటలు కట్టుకున్న సంగీతకారుడు, అప్పటికి కమ్యూనిస్టుల వేట కమిటీకి పెద్ద. అధ్యాపకుల విధేయత తేల్చే అధికారాన్ని శాసనసభ చేతిలో పెట్టాలని బిల్లులు తెచ్చాడు. బయటివాళ్లు వచ్చి చెయ్యి పెట్టకముందే మనమే ఏదో ఒకటి చేసి చూపిస్తే గొడవ వదిలిపోతుందని స్ప్రౌల్ అనుకున్నాడు. ఇలా అనుకున్న వైస్ చాన్సలర్లు మనకూ తెలుసు.

ఇక్కడ గమనించాల్సింది, కమ్యూనిస్టు పార్టీ సభ్యులకు ఆ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం లేదన్న నియమం 1940 నుంచే ఉంది. మామూలు రాజ్యాంగ ప్రమాణం 1942 నుంచి అందరూ చేస్తూనే ఉన్నారు. అంటే ఉన్న తాళం మీద ఇంకో తాళం.

సంగతి అధ్యాపకుల చెవిన పడేసరికి వేసవి వచ్చేసింది. జూన్ 14న విశ్వవిద్యాలయపు పెద్ద ప్రాంగణమైన బర్క్‌లీలో అధ్యాపకుల సెనేట్ కూడింది. ప్రతిఘటనకు ముందు నిలబడినవాడు ఎడ్వర్డ్ టోల్మన్. డీఎస్సీకో టెట్‌కో సైకాలజీ బట్టీ పట్టినవాళ్లందరికీ ఆ పేరు తెలుసు. ఎలుకల్ని చిక్కుదారుల్లో వదిలి, అవి దారిని మనసులో పటంలా గీసుకుంటాయని చెప్పిన ఆ టోల్మనే. అప్పటికి అరవై దాటినవాడు. చిన్న ఉద్యోగులనూ పిల్లలుగలవాళ్లనూ ఆయన సంతకం పెట్టేయమన్నాడు. ఉద్యోగం పోయినా తట్టుకోగలిగిన మాబోటి పెద్దవాళ్లం పోరాడతాం లెండి అన్నది ఆయన పద్ధతి. ఈ ఒక్క మాటకే నాకు ఆయనంటే గౌరవం. పోరాటాల్లో పెద్దవాళ్లు వేదిక మీదా చిన్నవాళ్లు లాఠీల ముందూ ఉండటం మనం ఎక్కువగా చూశాం కదా.

రీజెంట్లు వెనక్కి తగ్గలేదు సరికదా, పది రోజుల్లో, జూన్ 24న, "నేను కమ్యూనిస్టు పార్టీ సభ్యుణ్ణి కాను" అని పార్టీ పేరు పెట్టి మరీ ప్రమాణాన్ని మార్చారు. ఎనిమిది నెలలు రాయబారాలు నడిచాయి. ఈలోగా పాత్రలు తారుమారయ్యాయి. ప్రమాణాన్ని తెచ్చిన స్ప్రౌల్ దానికి ఎదురు తిరిగాడు. మొదట్లో ఇలాంటి ప్రమాణాలంటేనే గిట్టని శాన్‌ఫ్రాన్సిస్కో లాయరు, రీజెంటు జాన్ ఫ్రాన్సిస్ నీలన్ దానికి కత్తీ డాలూ అయ్యాడు. అధ్యాపకులు మా మాటకే ఎదురు చెబుతారా అన్నది ఆయన పట్టు. 1950 ఫిబ్రవరి 24న 12–6 ఓట్లతో హుకుం జారీ అయింది, ఏప్రిల్ 30లోగా సంతకం పెట్టండి, లేకపోతే వెళ్లిపోండి అని. వ్యతిరేకంగా ఓటేసినవాళ్లలో గవర్నర్ ఎర్ల్ వారెన్ ఒకరు. ఆ తర్వాత అమెరికా ప్రధాన న్యాయమూర్తి అయిన వారెనే.

పూర్వవిద్యార్థులు మధ్యవర్తిత్వం చేసి, సంతకం పెట్టనివాళ్లు అధ్యాపకుల కమిటీ ముందు హాజరై తమ మాట చెప్పుకోవచ్చని ఒప్పించారు. కమిటీ విచారించింది. ఇంతలో జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది, అమెరికా సైనికులు చనిపోతున్నారు, గాలి మారిపోయింది. అయినా జూలై 21 సమావేశంలో కమిటీ సిఫార్సు చేసిన 39 మందిని ఉంచుకోవాలని 10–9తో తీర్మానం నెగ్గింది. అప్పుడు నీలన్ చేసిన పని చూడు. ఓడిపోయాడని తేలగానే తన ఓటును నెగ్గినవైపుకు మార్చుకున్నాడు. నెగ్గినవైపు ఓటేసినవాడికే పునఃపరిశీలన కోరే హక్కు ఉంటుంది కాబట్టి! మన అసెంబ్లీ భాగోతాలు చూసినవాళ్లకు ఈ ఎత్తు కొత్తగా ఉండదు. ఆగస్టు 25న మళ్లీ ఓటింగ్. 12–10తో నీలన్ పక్షం నెగ్గింది. ఈ మధ్యలో కొందరు లొంగారు, కొందరు వెళ్లిపోయారు, మిగిలిన 31 మందిని తీసేశారు.

వాళ్లలో ఒక్కరి మీద కూడా కమ్యూనిస్టన్న ఆరోపణ లేదని ఆ సమావేశంలోనే రీజెంట్లు ఒప్పుకున్నారు. మరెందుకు తీసేస్తున్నట్టు? చెప్పిన మాట వినలేదు కాబట్టి. ఏడాదిన్నర కిందట కమ్యూనిస్టుల్ని పట్టడానికని బయలుదేరిన కాగితం చివరికి మాట విననివాణ్ణి పట్టింది. నన్నడిగితే ఈ కథంతా ఆ ఒక్క మలుపులోనే ఉంది.

నష్టం చిన్నది కాదు. ఆ ఏడాది 55 కోర్సులు ఆగిపోయాయని సెనేట్ కమిటీ లెక్క తేల్చింది. భౌతికశాస్త్రవేత్త వుల్ఫ్‌గాంగ్ పనోఫ్‌స్కీ సంతకం పెట్టి కూడా, ఈ వాతావరణం నచ్చక స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లిపోయాడు. లాస్ ఏంజెలెస్ ప్రాంగణంలో ఉద్యోగం పోగొట్టుకున్న కుర్ర భౌతికశాస్త్రవేత్త డేవిడ్ సాక్సన్ 1975లో అదే విశ్వవిద్యాలయం మొత్తానికీ అధ్యక్షుడయ్యాడు. టోల్మన్ పేరును బర్క్‌లీలో ఒక భవనానికి పెట్టుకున్నారు. బతికున్నప్పుడు తగువు, పోయాక ఫలకం. మనమేం తక్కువ తినలేదులే.

ప్రశ్న: తప్పు చేయనివాడు సంతకం పెడితే పోయేదేముంది మాస్టారూ? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ వీళ్ల వ్యవహారం? *(విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు)*

జవాబు: మంచి సామెతే వాడారు. కానీ ఆ సామెతలో దొంగ నిజంగానే దొంగ, భుజం మీద బూడిద అంటుకుందేమోనని భయపడి తడుముకున్నాడు. ఇక్కడ ఎవరి భుజం మీదా బూడిద లేదని అడిగినవాళ్లే అన్నారు. తడుముకున్నవాళ్లను వదిలేసి, "ఎందుకు తడుముకోవాలి?" అన్నవాళ్లను పట్టుకున్నారు.

ఇంకో సంగతి. నిజంగా రహస్య సభ్యుడెవడైనా ఉన్నాడనుకోండి, ప్రభుత్వాన్నే కూల్చాలనుకున్నవాడికి ఒక అబద్ధపు సంతకం పెద్ద లెక్కా? జేబులోంచి పెన్ను తీసి గీకేసి టీ తాగడానికి వెళతాడు. ప్రమాణం అడ్డం పడేది ప్రమాణానికి విలువ ఇచ్చేవాడికే. నేను కొత్తగా చేరిన ఒక ప్రైవేటు కాలేజీలో కరస్పాండెంటుగారు మా ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని, "యూనియన్లో చేరను" అని స్టాంపు కాగితం మీద రాయించుకునేవారు. అందరం రాసిచ్చాం, ఆ సాయంత్రమే యూనియన్ సమావేశానికి వెళ్లినవాళ్లూ మాలో ఉన్నారు. ఉద్యోగం పోయింది మాత్రం తెలుగు పండితుడికి. ఆయనకు యూనియన్ గొడవే పట్టదు. "చేరను అని నేనెందుకు రాసివ్వాలండీ? చేరమన్నా చేరేవాణ్ణి కాను" అన్నాడు, అంతే.

బర్క్‌లీలో అలాంటి మనిషి ఎర్న్‌స్ట్ కాంటొరోవిచ్. మధ్యయుగాల చరిత్రకారుడు. మీలాగే కమ్యూనిస్టులంటే పడనివాడు. అదీ ఉపన్యాసాల్లో కాదు, తుపాకీ పట్టి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మనీలో బెర్లిన్‌లోనూ మ్యూనిక్‌లోనూ ఎర్రదళాల మీద యుద్ధం చేసి, మ్యూనిక్‌లో గాయపడ్డాడు. యూదుడు. 1934లో ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో ఉండగా హిట్లర్ పేర విధేయతా ప్రమాణం చేయమంటే చేయనన్నాడు, కుర్చీ వదులుకున్నాడు. 1938లో దేశం విడిచి, మరుసటి ఏడాది బర్క్‌లీ చేరాడు. తల్లి నాజీల నిర్బంధ శిబిరంలో పోయింది. అలాంటివాడి ముందు పదిహేనేళ్ల తర్వాత ఇంకో ప్రమాణపత్రం పెట్టి "నువ్వు నమ్మదగినవాడివేనా?" అన్నారు.

ఆ జూన్ 14 సమావేశంలో ఆయన లేచి తన ప్రకటన చదివాడు. పూర్తి పాఠం దొరుకుతుంది, వీలైతే చదవండి. ప్రమాణాల చరిత్ర తెలిసినవాడిగా మాట్లాడాడు. ఏ ప్రమాణమైనా ఒకసారి ప్రవేశపెట్టాక అది తన బతుకు తాను బతకడం మొదలుపెడుతుంది, పెట్టినవాళ్ల చేతుల్లో కూడా ఉండదు అన్నాడు. మొదట ఒక కొత్త మాట వచ్చి చేరుతుంది, తర్వాత ఎవరూ గమనించని చిన్న పదబంధమొకటి దూరుతుంది, ఆ తర్వాత క్రియ కాలం మారుతుంది, వర్తమానంలో ఉన్నది భూతకాలానికో భవిష్యత్తుకో జరుగుతుంది అన్నాడు.

ఇప్పుడు తేదీలు చూసుకోండి. జూన్ 14న ఆయన అన్నాడు, జూన్ 24న పార్టీ పేరు వచ్చి చేరింది. 1950 అక్టోబరులో హారొల్డ్ లెవరింగ్ అనే శాసనసభ్యుడు తెచ్చిన చట్టం మీద గవర్నర్ వారెన్ సంతకం పెట్టాడు. రీజెంట్ల ప్రమాణాన్ని వద్దన్న ఆ వారెనే, ఎన్నికలు నెత్తిమీదున్నాయి మరి. రాష్ట్ర ఉద్యోగులందరికీ వర్తించే ఆ ప్రమాణంలో "సభ్యుణ్ణి కాను"తోపాటు "గత అయిదేళ్లలో కాలేదు", "ఇకమీదట కాబోను" కూడా ఉన్నాయి. ఏలూరు అమ్మగారికి పైన చెప్పిన రెండో పేరా ఇదే, 1952లో ప్రజల ఓటుతో రాష్ట్ర రాజ్యాంగంలోకే ఎక్కింది. వర్తమానం, భూతం, భవిష్యత్తు మూడూ వచ్చాయి. కాంటొరోవిచ్ జోస్యం చెప్పలేదు, ఆయన చదివిన పాత కాగితాలన్నిటిలో అదే జరిగింది కాబట్టి చెప్పగలిగాడు. చరిత్ర చదివితే ఏమొస్తుందని అడిగే తల్లిదండ్రులకు నేను ఈ ఉదాహరణే చెబుతూ ఉంటాను. వాళ్లు మాత్రం పిల్లల్ని కంప్యూటర్స్‌లోనే చేరుస్తారు.

ఆయన అడిగిన ఇంకో మాట. గౌను వేసుకునే వృత్తులు మూడే: న్యాయమూర్తి, పూజారి, ఆచార్యుడు. ఆ గౌను, వాళ్లు తమ మనస్సాక్షికీ తమ దైవానికీ జవాబుదారులన్న దానికి గుర్తు. రీజెంట్లు నియమించిన గుమస్తాల్లాగా వాళ్లను చూస్తే విశ్వవిద్యాలయం ఇంకెక్కడుంటుంది అన్నాడు. మీకు ఇది కొంచెం పెద్దరికంగా అనిపించవచ్చు, నాకూ అనిపించింది. గుమస్తాకు మాత్రం మనస్సాక్షి ఉండదా? ప్రమాణం చేయనందుకు కొలువులు పోయినవాళ్లలో మామూలు సిబ్బందీ ఉన్నారు, వాళ్ల కోసం సెనేట్‌లు కూడలేదు. ఆ సంగతి ఒప్పుకుంటూనే, గౌను మాట నాకు ఇష్టం.

తన కమ్యూనిస్టు వ్యతిరేకత గురించి ఆయన స్ప్రౌల్‌కు రాసిన ఉత్తరంలో ఏమీ దాచుకోలేదు. రెండుసార్లు స్వచ్ఛందంగా తుపాకీ పట్టి వామపక్ష తీవ్రవాదులతో పోరాడానని రాస్తూనే, ఆ పనితో తెలియకుండానే నాజీల రాకకు దారి వేశానని కూడా రాశాడు. ఇంత రాసివ్వగలిగిన మనిషి ఒక్క సంతకం పెట్టలేకపోయాడు. ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీ ఆయన్ను తీసుకుంది. బర్క్‌లీకి మళ్లీ రాలేదు.

ప్రశ్న: ఇదంతా మెకార్తీ చలవే కదా సార్? *(జూనియర్ లెక్చరర్, ఒంగోలు)*

జవాబు: కాదు. కమ్యూనిస్టుల వేటకు మారుపేరైన సెనేటరు మెకార్తీ పేరు దేశానికి తెలిసింది 1950 ఫిబ్రవరి 9న వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో ఉపన్యాసం ఇచ్చాకే. కాలిఫోర్నియా ప్రమాణం అంతకు దాదాపు ఏడాది ముందుది. దానికీ ముందే, 1949 జనవరిలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం జోసెఫ్ బటర్‌వర్త్, హెర్బర్ట్ ఫిలిప్స్, రాల్ఫ్ గండ్లాక్ అనే ముగ్గురు ఆచార్యుల్ని తీసేసింది. శాశ్వత ఉద్యోగాలున్నవాళ్లే. మొదటి ఇద్దరూ పార్టీ సభ్యులమని ఒప్పుకున్నారు, మూడో ఆయన కాదన్నాడు, ఫలితం ఒక్కటే. ముగ్గురికీ మళ్లీ ఏ విశ్వవిద్యాలయంలోనూ చోటు దొరకలేదు. ఆ ఫిలిప్స్‌ను మరుసటి నెల లాస్ ఏంజెలెస్ ప్రాంగణంలో చర్చకు పిలవడమే కాలిఫోర్నియా రీజెంట్లకు కోపం తెప్పించిన కారణాల్లో ఒకటి. మెకార్తీ వచ్చేసరికి పొయ్యి రాజుకునే ఉంది.

ప్రశ్న: రష్యాలో అయితే కాల్చిపారేసేవాళ్లు. అమెరికా ఉద్యోగం మాత్రమే తీసింది. దీనికింత రాద్ధాంతమా? అసలు మీరు ఏ పార్టీ? *(మాజీ సైనికుడు, విజయనగరం)*

జవాబు: రష్యా సంగతి మీరన్నది నిజం. గోధుమ విత్తనాల కోసం ప్రపంచమంతా తిరిగిన నికొలాయ్ వావిలోవ్‌ను 1940లో అరెస్టు చేశారు, 1943 జనవరిలో సరటోవ్ జైల్లో చనిపోయాడు. 1948 ఆగస్టులో అక్కడి వ్యవసాయ విజ్ఞాన అకాడమీ సమావేశంలో, జన్యుశాస్త్రాన్నే కాదన్న లైసెంకో తన నివేదికను పార్టీ కేంద్ర కమిటీ ఆమోదించిందని ప్రకటించాక, జన్యుశాస్త్రవేత్తలు లేచి నిలబడి తమ శాస్త్రం తప్పని చెప్పుకోవాల్సి వచ్చింది. చెప్పనివాళ్ల కుర్చీలు పోయాయి. ముస్సోలినీ 1931లో ప్రమాణం అడిగితే ఇటలీలో సుమారు 1,200 మంది ఆచార్యుల్లో కాదన్నది 12 మంది. వీటి పక్కన బర్క్‌లీ చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ ఆ పాలనలను తిట్టిపోస్తూ, మేం వాళ్లలాంటివాళ్లం కాదని చెప్పుకోవడానికి పెట్టిన ప్రమాణం ఇది.

నాది ఏ పార్టీ అంటారా? ఇంత చదివాక కూడా ఆ ఫారం నాచేత నింపిస్తారా సార్?

ప్రశ్న: తీసేసినవాళ్లలో లెక్కల మాస్టార్లు ఎవరైనా ఉన్నారా? *(హైస్కూలు గణిత ఉపాధ్యాయురాలు, సిద్దిపేట)*

జవాబు: ఉన్నారమ్మా, లెక్కలవాళ్లకు మొండితనం కొంచెం ఎక్కువే. పౌలీన్ స్పెర్రీ అనే ఆవిడ బర్క్‌లీ గణితశాఖలో అసిస్టెంట్ ప్రొఫెసరైన మొదటి మహిళ. విశ్రాంతి వయసులో సంతకం పెట్టనని తొలగింపు తెచ్చుకుంది. హిట్లర్ రాగానే జర్మనీ వదిలి వచ్చిన హాన్స్ లెవీ ఇంకొకాయన. మూడో ఆయన జాన్ కెలీ, టోపాలజీ చదివిన ఎంఎస్సీ వాళ్లు ఆయన పాఠ్యపుస్తకం మోసినవాళ్లే.

నాకు బాగా నచ్చినవాడు మాత్రం ఈ 31 మందిలో లేడు. చాండ్లర్ డేవిస్ అనే కుర్రవాడు లాస్ ఏంజెలెస్ ప్రాంగణంలో వచ్చిన ఉద్యోగాన్ని ఈ ప్రమాణం చేయాల్సి వస్తుందనే వదులుకుని మిషిగన్ వెళ్లాడు. అక్కడా వదల్లేదు. 1954లో అమెరికా కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు) కమిటీ పిలిచి రాజకీయాలు అడిగింది. తన మీదకు తాను తెచ్చుకోకుండా మౌనంగా ఉండే హక్కును ఇచ్చే అయిదో సవరణ చాటున చాలామంది తప్పించుకునేవారు. ఇతను అది వద్దని, భావప్రకటన హక్కునిచ్చే మొదటి సవరణ పట్టుకుని, అడిగే అధికారమే మీకు లేదన్నాడు. విశ్వవిద్యాలయం తీసేసింది, కాంగ్రెస్ ధిక్కారం కింద ఆరు నెలల శిక్ష పడింది, 1960లో జైలుకెళ్లాడు. ఆ కాలంలో చేసిన పరిశోధన అచ్చయినప్పుడు కింద ఒక పాదసూచిక పెట్టాడు: ఈ పరిశోధనకు పాక్షికంగా సాయం చేసింది సమాఖ్య జైళ్ల వ్యవస్థ, ఇందులోని అభిప్రాయాలు రచయితవే, జైళ్ల శాఖవి కావాల్సిన పనిలేదు అని! తర్వాత కెనడాలో టొరాంటో విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాడు. మీ స్టాఫ్‌రూమ్‌లో ఈ పాదసూచిక చదివి వినిపించండి.

ప్రశ్న: కోర్టులు ఏం చేశాయి? మన దేశంలో ఇలాంటి కేసు ఏదైనా ఉందా సార్? *(జూనియర్ న్యాయవాది, కర్నూలు)*

జవాబు: టోల్మన్ బృందం రీజెంట్ల కార్యదర్శి అండర్‌హిల్ మీద కేసు వేసింది. 1951 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు వీళ్లవైపు తీర్పిచ్చింది, ఆ ఏడాదే రీజెంట్లు తమ ప్రమాణాన్ని తామే రద్దు చేసుకున్నారు. 1952 అక్టోబరు 17న రాష్ట్ర సుప్రీంకోర్టు అందరినీ తిరిగి తీసుకోమంది. సంబరపడకండి, కారణం వినండి. విధేయత విషయంలో రాష్ట్రమే చట్టం చేశాక రీజెంట్లు విడిగా ప్రమాణం పెట్టడానికి వీల్లేదు, కాబట్టి వీళ్లు రాష్ట్ర ప్రమాణం చేసి ఉద్యోగాల్లో చేరవచ్చు అంది. అంటే మూడు కాలాలూ కలిపిన ఆ లెవరింగ్ ప్రమాణం! చిన్న కాగితం వద్దని రెండేళ్లు పోరాడి గెలిచినవాళ్ల చేతిలో పెద్ద కాగితం పెట్టారు. కొందరు చేసి చేరారు, కొందరు రాలేదు. ఆగిన జీతాల లెక్క తేలేసరికి 1956 వచ్చింది.

దేశ సుప్రీంకోర్టు ఇంకా నెమ్మది. ప్రభుత్వాన్ని కూలదోయాలనే సంస్థల్లో ఉన్న టీచర్లను ఏరివేయడానికి న్యూయార్క్ తెచ్చిన ఫైన్‌బర్గ్ చట్టాన్ని 1952లో సమర్థించింది. పదిహేనేళ్లకు, 1967 జనవరిలో, బఫెలోలోని రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషు చెప్పే హ్యారీ కెయిషియన్, ఆయన సహచరులు వేసిన కేసులో 5–4తో అదే చట్టాన్ని కొట్టేసింది. తరగతి గది మీద ఒకే భావజాలపు ముసుగు కప్పే చట్టాలను మొదటి సవరణ సహించదని జస్టిస్ బ్రెన్నన్ రాశారు. ఒక్క ఓటు అటు పడి ఉంటే? ఆ లెక్క మీ లాయర్లకు వదిలేస్తున్నా.

మన దగ్గరి కేసు అడిగారు, తప్పక చదవాల్సిందే ఉంది. రాసింది మన తెలుగు న్యాయమూర్తి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. మధ్యప్రదేశ్‌లో ఒక మునిసిపల్ స్కూలును 1971లో ప్రభుత్వం తీసుకుంది. అక్కడి టీచరును ప్రభుత్వ కొలువులో చేర్చుకున్నారు, పూర్వాపరాల విచారణకు లోబడి. ఆయన ఒకప్పుడు ఆర్‌ఎస్‌ఎస్, జనసంఘ్ కార్యకలాపాల్లో పాల్గొన్నాడని పోలీసులు నివేదిక ఇచ్చారు. 1974లో తీసేశారు. హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేస్తే రాష్ట్రం సుప్రీంకోర్టుకు వచ్చింది. భారతదేశం పోలీసు రాజ్యం కాదు, ప్రజాస్వామ్య గణతంత్రం అంటూ చిన్నపరెడ్డిగారు ఆ అప్పీలు తోసిపుచ్చారు. ఉద్యోగమివ్వడానికి మనిషి రాజకీయ విశ్వాసాల మీద పోలీసు నివేదిక కోరడమే ప్రాథమిక హక్కులకు విరుద్ధమన్నారు, అమెరికాలో మెకార్తీ రోజుల్ని గుర్తుచేశారు. ఆయన సోషలిస్టు భావాలవారని అందరికీ తెలుసు, కక్షిదారుడి రాజకీయం దానికి ఆమడ దూరం. అయినా ఆయన ఆ పార్టీ ఏదన్న లెక్కే చూడలేదు.

పోలీసు వెరిఫికేషన్ పేరుతో ఉద్యోగాలు ఆగిపోయిన కుర్రాళ్లు మీ ఆఫీసుకూ వస్తూ ఉంటారు కదా. మీ సీనియర్‌గారి అల్మరాలో 1983 ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్) సుప్రీంకోర్టు సంపుటం దుమ్ము దులిపి 374వ పేజీ తీయండి. తీర్పు పెద్దదేమీ కాదు, కోర్టు పిలిచేలోపే చదివేయొచ్చు.